రెండెండల మందు

పోయిన వారం కాళ్ళకు నీరు పట్టిందని డాక్టరమ్మ రాసిచ్చిన మాత్రల కోసం ధర్మపురి బస్టాండు దగ్గరి మందుల షాపుకు వెళ్ళాను. కౌంటరులో ఉన్న అమ్మాయి రెండు వైపులా వెండిరేకు అతికించిన పట్టీ ఒకటి ఖాకీ కవరులో వేసి, వెలుతురు తగలకుండా బీరువాలో పెట్టుకోమని, కిటికీ దగ్గర పెడితే మందు చెడిపోతుందని, చెవిటివాళ్ళకు చెప్పినట్టు గట్టిగా తమిళంలో చెప్పింది. నేను బుద్ధిగా తల ఊపి బయటికి వచ్చాను గాని, షాపు మెట్లు దిగేసరికి నవ్వు ఆపుకోవడం నా వల్ల కాలేదు. ఆ మందు పేరు ఫ్రుసెమైడ్. నా వయసులో మంచి ఏళ్ళన్నీ దాన్ని వెలుతురు కంట పడకుండా దాచడానికే ఖర్చు పెట్టినదాన్ని నేను. దాని గుణం, దాని పొగరు, అది నీళ్ళలో ఎప్పుడు కదులుతుందో ఎప్పుడు కదలనని మొండికేస్తుందో ఈ జిల్లా మొత్తం మీద నాకన్నా ఎక్కువ తెలిసినవాళ్ళు ఆ రోజుల్లో లేరు. గొప్పలకు పోయి చెప్పడం లేదు, ఉన్నమాటే చెబుతున్నాను.

ఇంటికి వచ్చి ఆ పట్టీని చేతిలో తిప్పి తిప్పి చూస్తూ కూర్చుంటే పాపారపట్టిలోని మా అత్తగారిల్లు, ఆ ఇంట్లోని కిటికీ లేని విత్తనాల గది, మిద్దె మీద ఎండలో మెరిసే ఇత్తడి తట్ట ఒకదాని వెంట ఒకటి కళ్ళ ముందుకు వచ్చాయి. ఎనభైల నాటి మాట. మన ఈడు వాళ్ళకైతే విడమరిచి చెప్పనక్కరలేదు, అప్పటి కరెంటు ఎలాంటిదో, అప్పటి బస్సులు ఎలాంటివో, ఒక ఆడమనిషి మొగుడూ అత్తా ఉన్న ఇంట్లో కూర్చుని డాక్టరేటు చేస్తానంటే ఊరు ఎలా చూసేదో మీకే తెలుసు.

మా వాళ్ళు ఈ తమిళ సీమకు వచ్చి కొన్ని వందల ఏళ్ళయింది. గడప లోపల తెలుగు, గడప దాటితే తమిళం. మా ఇళ్ళలో చాలామందికి తెలుగు మాట్లాడటమే గాని చదవడం రాదు. నాకు వచ్చిందంటే అది చిత్తూరు వైపు నుంచి కాపురానికి వచ్చిన మా అమ్మ చలవ. వంటింట్లో నేల మీద చింతగింజలు పేర్చి అక్షరాలు దిద్దించింది, ఆ చింతగింజల పుణ్యమే ఇప్పుడు ఈ నాలుగు ముక్కలు రాయడం. చెన్నపట్నంలో ఎమ్మెస్సీ చదివి, ధర్మపురిలో ఒక కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరరుగా చేరిన కొన్నాళ్ళకే పాపారపట్టి సంబంధం కుదిరింది. మా ఆయనది మెట్టా మాగాణీ రెండూ ఉన్న సేద్యం. మాటలు తక్కువ మనిషి. నేను ఇంకా చదువుకుంటానంటే సరేనన్నాడు, ఆ సరే అన్న మాటను చివరిదాకా వెనక్కి తీసుకోలేదు, అంతకన్నా ఏం కావాలి? కాకపోతే ఆ ఇంట్లో సరే అనవలసిన అసలు మనిషి ఆయన కాదు, మా అత్త. మామ పోయాక సేద్యం, పశువులు, కూలీలు, గాదెలు అన్నీ ఆమె చూపు మీదే నడిచేవి.

నా పరిశోధనకు గైడుగా ఉన్న ప్రొఫెసరుగారు చెన్నపట్నంలో ఉండేవారు. వెలుతురు తగిలితే చెడిపోయే మందుల ఆమ్లగుణాన్ని కొలవడం మా విషయం. ఆమ్లమనేది నీళ్ళలో పడగానే తన దగ్గరి హైడ్రోజన్‌ను కొంత వదులుతుంది, ఎంత పులుపు నీళ్ళలో సరిగ్గా సగం వదులుతుందో ఆ పులుపును కొలిచే అంకెను ఆమ్ల వియోగ స్థిరాంకం అంటారు. పేరు చూసి జడుసుకోకండి. ఆ మందు కడుపులో ఒంటికి పడుతుందా, పేగుల దాకా పోయి పడుతుందా అన్నది తేల్చడానికి ఆ అంకె కావాలి, అంతే సంగతి. మామూలుగా అయితే బ్యూరెట్టులోంచి క్షారం చుక్క చుక్కగా వదిలి టైట్రేషన్‌తో కొలుస్తారు. కాని మా ఫ్రుసెమైడ్ అటు నీళ్ళలో సరిగా కరగదు, ఇటు వెలుతురు తగిలితే కొంత విరిగి వేరే పదార్థమవుతుంది. ఇక సీసాలో ఉన్నది ఒక మందు కాదు, రెండు. బ్యూరెట్టుకు ఏది ఏదో తెలియదు, రెండింటినీ కలిపి ఒకే లెక్క వేస్తుంది.

దానికి విరుగుడుగా ఎలక్ట్రోఫోరెసిస్ పెడదామని చెప్పింది నేనే. తడి కాగితం మీద మందు చుక్క పెట్టి, కాగితం రెండు కొసలకూ కరెంటు ఇచ్చి, ఆ చుక్క ఎంత దూరం నడిచిందో చూసి అంకె తేల్చడం. తనకు నచ్చిన శిష్యురాలు కదా అని కాబోలు గైడుగారు కాదనలేదు. అయితే చెన్నపట్నంలో చల్లటి గదుల్లోనే నిలకడగా రాని అంకె పాపారపట్టి కరెంటుతో ఎలా వస్తుందమ్మా అని మాత్రం అడిగారు. చివరికి ఒక మాట అనుకున్నాం. దీపావళి వెళ్ళాక ఆయనే స్వయంగా మా ఊరు వచ్చి చూస్తారు. అంకె నిలిస్తే నేను థీసిస్ రాసుకోవచ్చు. నిలవకపోతే ఈ విషయం ఆయన దగ్గరే ఉన్న మరొక విద్యార్థికి పోతుంది, నేను వేరే విషయం పట్టుకుని మొదటి నుంచి మొదలుపెట్టుకోవాలి. మందుల ఫ్యాక్టరీ వాళ్ళను బతిమాలి తెప్పించిన శుద్ధమైన పొడి, ముదురు గోధుమరంగు సీసాలో పోసి, ఇంతే ఉంది, మళ్ళీ అడిగితే దొరకదని చెప్పి నా చేతిలో పెట్టారు. బస్సులో ఆ సీసాను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే పక్క సీటులో ఉన్నామె నెయ్యేమో అనుకుని వాసన చూడబోయింది.

కాలేజీ ల్యాబుకు నాలుగు వైపులా కిటికీలు. పగలల్లా పిల్లలు. అక్కడ చీకటి ఎక్కడ దొరుకుతుంది? మా అత్తగారింట్లో మాత్రం నడిమధ్యన కిటికీ లేని గది ఒకటి ఉండేది. రాగి విత్తనాలు, వేరుశెనగ, ఏడాదికి సరిపడా చింతపండు అన్నీ అందులోనే. ఆ గది కావాలని అడగడానికి నాకు ఎమ్మెస్సీ పరీక్షల కంటే ఎక్కువ ధైర్యం కావలసి వచ్చింది. మా అత్త రాగులు చెరుగుతూనే వింది. విత్తనం ఉండే చోట బూడిద లాంటి పొడి పెట్టుకుని ఏం పండిస్తావని మాత్రం అంది. మర్నాడు పొద్దున చూస్తే గాదెలు ఒక పక్కకు జరిపి, సగం గది ఊడ్చి, అలికి పెట్టి ఉంది. మా అత్తతో ఎప్పుడూ అంతే, నోటితో కాదన్న పనిని చేత్తో చేసి పెట్టేది.

ఆ గదికి తలుపు మీద నల్లదుప్పటి వేలాడదీసి, లోపల ఎర్ర బల్బు ఒకటి పెట్టించాను. ఎర్ర వెలుతురు ఆ మందును ఏమీ చేయదు. ఇక్కడే ఒక ముచ్చట చెప్పాలి. అప్పట్లో ఎర్రటి చిన్న బల్బు ఇళ్ళలో ఎక్కడుండేదో మీకు గుర్తుండే ఉంటుంది, దేవుడి పటాల ముందు. కడత్తూరు నుంచి మా అత్తకు అక్కయ్యే పెద్దమ్మ చూడటానికి వచ్చి, దుప్పటి సందులోంచి ఎర్ర వెలుతురు చూసి, చెప్పులు విడిచి, కొంగు నిండుగా కప్పుకుని గడపకు మొక్కింది. లోపల ఏ అమ్మవారిని నిలిపినారని అడిగితే మా అత్త తడుముకోకుండా, "మా కోడలి అమ్మోరు. వెలుతురు చూస్తే కోపగించుకుంటాది, లోపలికి పోవద్దు" అని చెప్పి పంపించింది. ఆ తర్వాత కొంతకాలం చుట్టాలెవరు వచ్చినా ఆ గడప ముందు చెప్పులు విడిచేవాళ్ళు. నేనూ వద్దనలేదు, దుమ్ము లోపలికి రాకపోవడం నాకూ మంచిదే గదా!

లోపల నేను చేసే పని ఇది. పొడవాటి వడపోత కాగితాన్ని కొలిచిన పులుపు ఉన్న ద్రావణంలో తడిపి, రెండు గాజుపలకల మధ్య పరిచి, దాని రెండు కొసలనూ రెండు తొట్లలో ముంచేదాన్ని. మధ్యలో మందు చుక్క. దాని పక్కన రెండు తోడు చుక్కలు. వాటిలో ఒకటి కరెంటుకు లొంగనిది, ఎక్కడిది అక్కడే నిలబడుతుంది. రెండోది ఎలాంటి పులుపులోనైనా పూర్తి వేగంతో పరుగెత్తేది. మందు అణువు హైడ్రోజన్‌ను వదిలిపెట్టి ఉన్నంతసేపూ కదులుతుంది, మళ్ళీ తగిలించుకోగానే ఆగుతుంది. అప్పటి హరూర్ బస్సు ఎక్కినవాళ్ళకు ఇది చిటికెలో అర్థమవుతుంది. ప్రయాణంలో సగంసేపు నడిచి సగంసేపు ఆగి ఉండే బస్సు, ఎక్కడా ఆగని బస్సు పోయిన దూరంలో సగమే పోతుంది. ఏ పులుపులో నా చుక్క సగం దూరం పోయిందో ఆ పులుపే నాకు కావలసిన అంకె. కరెంటు హెచ్చినా తగ్గినా మూడు చుక్కలకూ ఒకే దెబ్బ కాబట్టి వాటి నిష్పత్తి చెడదు. గైడుగారి అనుమానానికి నా జవాబు ఆ రెండు తోడు చుక్కలే. పరుగు ముగిశాక కాగితాన్ని చీకట్లోనే ఆరబెట్టి, అతినీలలోహిత కిరణాల నీలిదీపం కింద ఒక్క క్షణం పట్టుకుంటే మందు చుక్క వెన్నెల రంగులో వెలిగేది, పెన్సిలుతో గుర్తు పెట్టుకునేదాన్ని. అంకె ప్రతిసారీ నాలుగుకు కాస్త లోపల అదే చోట వచ్చి నిలబడుతుంటే నాకు కాళ్ళు నేల మీద ఆనేవి కావు.

అప్పటికే మా అత్తకు కాళ్ళకు నీరు పట్టేది. ఆస్పత్రిలో ఇచ్చిన మాత్రలను కాగితం పొట్లం విప్పేసి, కిటికీలో ఒక గిన్నెలో పోసి పెట్టుకునేది. అవి పసుపుపచ్చగా మారితే, మంచి ఎండ తగిలి పండినాయి, ఇప్పుడే పని చేస్తాయని ఆమె నమ్మకం. ఒకరోజు ఆస్పత్రి చీటీలో ఆ మాత్రల పేరు చూసి, నేను లోపల తూకం వేస్తున్న పొడి, నువ్వు మింగే మాత్ర రెండూ ఒకటే అత్తా అని చెప్పాను. వాటిని కిటికీలోంచి తీసి డబ్బాలో పెట్టాను కూడా. ఆ తర్వాత నుంచి ఆమె, నేను ఆ గదిలోంచి బయటికి రాగానే, ఈ పొద్దు నడిచిందా అని అడగడం మొదలుపెట్టింది. నడిచిందంటే, సంగటి పెట్టేటప్పుడు నా ముద్ద మీద నెయ్యి కాస్త ఎక్కువ పడేది.

ఆ ఏడు దీపావళికి ముందే వాన పట్టుకుంది. గోడలు చెమర్చాయి, ఉప్పు నీరైంది, తలుపులు ఉబ్బి పడటం మానేశాయి. ఆ వానలోనే హరూర్‌లో పరీక్షల పర్యవేక్షణకు నన్ను వేస్తే, మా చిన్నాన్న ఇంట్లో ఉండి ఆ పని చూసుకున్నాను. గైడుగారు ఎప్పుడు వస్తారో జాబు అప్పటికే వచ్చి ఉంది, నేను తిరిగి వెళ్ళాక మూడు నాలుగు రోజుల్లో ఆయన రావాలి, సీసాలో పొడి భద్రంగా ఉంది, నేను నిశ్చింతగా ఉన్నాను. నేను అక్కడుండగానే వాన తెరిపిచ్చి మంచి ఎండ కాసింది. ఎండను చూసి నేనూ అందరిలాగే సంతోషించాను.

ఇంటికి వచ్చేసరికి మా అత్త మిద్దె మీద ఉంది. విత్తనాల గది గడప దాటగానే నా కళ్ళు సీసా ఉండవలసిన చోటికి పోయాయి. సీసా ఉంది, మూత పక్కన ఉంది, లోపల పొడి లేదు. మిద్దె ఎక్కి చూస్తే ఒక పక్క చింతపండు, ఒక పక్క రాగి విత్తనాలు, వాటి మధ్య ఇత్తడి తట్టలో పలచగా పరిచి, మీద పల్చని గుడ్డ కప్పి, నా మందు. మంచు లాంటి పొడి, పసుపు కలిపిన ముగ్గుపిండి మాదిరి అయ్యి ఉంది.

"చెమ్మకు గడ్డ కట్టింది గదమ్మా నీ మందు. రెండెండలు పెట్టినాను. ఇంక ఏడాదైనా చెడదు, చూసుకో" అంది మా అత్త, పని చక్కబెట్టిన మనిషి తృప్తితో.

"ఎంత పని చేస్తివత్తా!" అని మాత్రం అనగలిగాను. కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది, ఏది ముందు వచ్చిందో చెప్పలేను. మాత్రలు కిటికీలోంచి ఎందుకు తీసి పెట్టానో నేను ఆమెకు చెప్పలేదు, గదిలో చీకటి నా కాగితాల పనికేనని ఆమె అనుకుని ఉంటుంది, చెప్పినా నమ్మేది కాదేమో. ఆ మెట్టసీమలో పుట్టి పెరిగిన మనిషికి ఎండ తగిలితే చెడేది ఒకటి ఉంటుందని ఎవరు చెబితే నమ్మకం కలుగుతుంది? విత్తనం నిలవాలంటే ఎండ, చింతపండు నిలవాలంటే ఎండ, పప్పు పురుగు పట్టకుండా ఉండాలంటే ఎండ. నా ముఖం చూసి ఏదో పొరపాటు జరిగిందని ఆమెకు తెలిసిపోయింది. తట్టను ఎత్తి నా చేతికిచ్చి, గోడ పట్టుకుని మెట్లు దిగి వెళ్ళింది. ఆ సాయంత్రం నాతో మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు.

మా ఆయన వచ్చి, ఎండకు ఆ మందు చెడుతుందని అప్పుడే నా నోట విని, తట్ట వైపు చూసి, "తంతి ఇచ్చి ఇప్పుడు రావద్దని చెప్పేదా?" అని అడిగాడు. చెప్పడం సులభమే. కాని వాయిదా వేయమంటే గైడుగారు ఎందుకని అడుగుతారు, మందు చెడిందంటే ఆ విషయం అక్కడితో నా చేయి జారిపోయినట్టే. ఆ రాత్రంతా ఏం చేయాలో తేల్చుకోలేదు గాని, మర్నాడు పొద్దున లేచి ముఖం కడుక్కునేటప్పుడు నాలో నేను పోట్లాడుకోవడం మానేశాను. అసలు నేను ఈ పద్ధతిని ఎంచుకున్నది ఎందుకు? మందులో చెడినదీ చెడనిదీ కలిసి ఉన్నా దేని దారిన అది పోతుందనే గదా? పద్ధతి మీద నాకు నిజంగా నమ్మకం ఉంటే, ఈ పసుపుపచ్చ పొడిని చూసి భయపడటం దేనికి? భయపడితే నేను ఇన్నాళ్ళూ గైడుగారికి చెప్పినవన్నీ నేనే నమ్మలేదని అర్థం. టెలిగ్రాం వద్దని చెప్పి, చీర కొంగు దోపుకుని గదిలోకి వెళ్ళాను.

చెమ్మలో కాగితాలు ఆరడం ఆలస్యమయింది. నీలిదీపం వెలిగించి మొదటి కాగితాన్ని దాని కింద పట్టాను. ఇన్నాళ్ళూ ఒకటిగా ఉన్న చుక్క ఆ రోజు రెండయింది. ఒకటి కొత్తది, విరిగిపోగా తేలికపడ్డ పదార్థం, తొందరపడి ముందుకు పరుగెత్తింది. దాని వెనక, ఎప్పటి చోటనే, ఎప్పటి వెన్నెల రంగులోనే నా మందు నిలబడి ఉంది. తోడు చుక్కల నుంచి కొలిచాను, పులుపు మార్చి మళ్ళీ పెట్టి మళ్ళీ కొలిచాను. అంకె నాలుగుకు కాస్త లోపల, మునుపటి చోటనే. మా అత్త రెండెండలు పెట్టి కూడా దాన్ని కదల్చలేకపోయింది. నేను గదిలోంచి గట్టిగా అరిచినట్టున్నాను, మా ఆయన పశువుల కొట్టంలోంచి పరుగెత్తుకుని వచ్చాడు, పామేమోనని చేతిలో కర్రతో.

గైడుగారు వచ్చారు. పొడవాటి మనిషి, ఇంగ్లీషు టోపీ, మాట కటువు. కాని మా విత్తనాల గది ముందుకు రాగానే ఎర్ర వెలుతురు చూసి, ఎవరూ చెప్పకుండానే చెప్పులు విడిచారు! మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఆయనకు ఏదీ దాచలేదు. వానకు ముందు పెట్టిన కాగితాలు ఒక పక్క, ఎండ తగిలిన పొడితో పెట్టినవి ఒక పక్క పరిచి, పసుపుపచ్చ పొడిని కూడా ఎదుట పెట్టాను. ఆయన పొడిని చూడగానే ముఖం చిట్లించి, మందును ఎండలో పెట్టింది ఎవరని అడిగారు. నేను నోరు తెరిచేలోపలే తలుపు చాటున ఉన్న మా అత్త ముందుకు వచ్చి తమిళంలో, నేనే పెట్టినాను సార్, చెమ్మ పట్టిన వస్తువును ఎండలో పెట్టకుండా ఎట్లా ఉంటారు అని, తప్పు చేసిన గొంతుతో కాకుండా, అడగవలసిన ప్రశ్న అడిగినట్టే అడిగింది. ఆయన వంగి, రెండు పక్కల కాగితాలనూ వరసగా చూడటం మొదలుపెట్టారు.

మర్నాడు ధర్మపురికి వెళ్ళి మా కాలేజీ ల్యాబులో ఆ పసుపు పొడిని ఆయన తన చేతులతో టైట్రేషన్ చేశారు. శుద్ధమైన మందుకు తన ల్యాబులో, మసక వెలుతురులో, ఎంతో జాగ్రత్తగా తెచ్చుకున్న అంకె ఆయన దగ్గర ఉంది. ఇప్పుడు వచ్చిన అంకె దానికి దూరంగా పోయింది, మళ్ళీ చేస్తే మరో చోటికి పోయింది. నా అంకె మాత్రం ఎండకు ముందూ ఎండ తర్వాతా ఆయన శుద్ధమైన అంకె పక్కనే కూర్చుని ఉంది. ఆయన అంకెలన్నీ నా పుస్తకంలో పక్కపక్కన రాసి కింద గీత గీశారు. ఆ తర్వాత అన్న మాట నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. నువ్వు ఇన్నాళ్ళూ వెలుతురుకు భయపడి దాక్కుంటూ పని చేశావు, ఇక మీదట కావాలనే ఎండలో పెట్టు, ఒక ఎండ, రెండెండలు, మూడెండలు పెట్టినా అంకె కదలదని చూపించు, నీ థీసిస్‌లో ఒక అధ్యాయం మొత్తం అదే కావాలి అన్నారు. పసుపు పొడిని జాగ్రత్తగా సీసాలోకి ఎత్తి, నా చేతికే తిరిగి ఇచ్చారు. విషయం నాదే అయింది.

ఆ వేసవిలో ఆ అధ్యాయానికి కావలసిన ఎండ పెట్టే పనంతా మా అత్తదే. ఆమె చేతికి తట్ట ఇచ్చి, ఇది ఒక ఎండకు, ఇది మూడెండలకు అని చెబితే చాలు. నా డాక్టరేటు పట్టా వచ్చిన రోజున ఆమె దాన్ని తలకిందులుగా పట్టుకుని చూసి, దీన్ని మాత్రం ఎండలో పెట్టనులే అని నన్ను ఆటపట్టించింది.

ఇదంతా గెలిచిన కథ, ఎన్నిసార్లు చెప్పినా నాకు విసుగు రాదు. కాని ఆ కథలో ఒక ముక్క నాకు ఆలస్యంగా తెలిసింది, మా అత్త పోయిన తర్వాత, కర్మ రోజున మిద్దె మీద కూర్చుని ఉన్నప్పుడు మా ఆయన చెప్పాడు. నేను హరూర్‌లో ఉండగా ఎండ కాసిన ఆ రెండు రోజులూ ఆమె నీరు పట్టిన కాళ్ళతో పొద్దున్నే మిద్దె ఎక్కి, పొద్దు వాలేదాకా ఆ ఇత్తడి తట్ట పక్కనే కూర్చుందట. కాకి వాలకూడదని, గాలికి పొడి లేచిపోకూడదని. రాగి విత్తనాల దగ్గర కూలిమనిషిని పెట్టింది గాని నా మందు దగ్గర మాత్రం ఎవరినీ పెట్టలేదట. దిగి వచ్చి రెండు పూటలా అన్నం తినమంటే, కోడలి సొత్తు, ఒకరి మీద వదిలి ఎట్లా వచ్చేది అన్నదట. నేను ఆ తట్ట చూసి ఆ మాట అన్న సాయంత్రం ఆమె నాతో మాట్లాడకపోవడానికి కారణం కోపమని అనుకున్నాను అన్నేళ్ళూ.

ఇప్పుడు ఆ పనికి వెంట్రుక లాంటి గాజుగొట్టం ఉన్న మెషీన్లు వచ్చాయి. మేము పగలంతా కూర్చుని కొలిచినది అవి కాఫీ తాగేలోపు కొలిచి అచ్చు వేసి ఇస్తాయి. మంచిదే, నాకేమీ దిగులు లేదు. కిందటి ఏడు ఒక సెమినార్‌లో ఆ మెషీన్ చూపించిన పిల్లకు దాని పద్ధతి వెనక ఉన్న లెక్కను నేనే చెప్పి వచ్చాను. మా ధర్మపురి ఫ్లాటులో ఎండ బాల్కనీ అంచు దాకా వచ్చి, కాస్త కూర్చుని, లేచి వెళ్ళిపోతుంది. ఎండబెట్టవలసిన వస్తువూ లేదు, పప్పు, చింతపండు, మందు అన్నీ అతికించిన రేకులోనే వస్తాయి. నా గదిలోకి ఎవరైనా రావాలంటే తలుపు తట్టి, అడిగి వస్తారు. నా వస్తువు మీద చేయి వేసేవాళ్ళు ఎవరూ లేరు, అది మర్యాద, నేనూ అలాగే ఉంటాను.

పట్టీలోంచి ఒక మాత్ర తీసి అరచేతిలో వేసుకుని చూశాను. తెల్లగా, ఒక్క మచ్చ లేకుండా ఉంది. మా అత్త లోకంలో ఎండలో పెట్టేది ఏడాది పొడుగునా నిలవాలని కోరుకున్న వస్తువునే, నాలుగు రోజుల్లో పారేసేదాన్ని మిద్దె దాకా ఎవరు మోస్తారు? విత్తనాల గదిలో బూడిద పెట్టుకుంటావా అన్న మనిషి, ఆ బూడిదను విత్తనాల పక్కన పరిచి కాపలా కూర్చుంది. ఆ తట్టలో ఉన్నది మందు ఒక్కటే కాదని అప్పుడే తెలుసుకుని ఉంటే ఆ సాయంత్రం నేనే ముందు వెళ్ళి మాట్లాడి ఉండేదాన్ని. ఇప్పుడు నా మందు చెడిపోయే భయం లేదు, రెండు పక్కలా రేకు ఉంది. దాన్ని తనదనుకుని ఎత్తుకుపోయి చెడగొట్టే మనిషే లేదు.